బ్రేకు వేసినా ఆగని రైలు

మొన్న విజయనగరం స్టేషన్లో ప్యాసింజర్ కీచుమంటూ ఆగింది. చక్రాల దగ్గర నుంచి కాలిన ఇనుము వాసన గుప్పున కొట్టింది. పక్కనున్నావిడ ముక్కు మూసుకుంది. నేను మాత్రం నిలబడి పీల్చుకున్నాను, నాకది శాంతక్క వాసన మరి. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజుల్లో, కోట దగ్గర ఓ మేడ మీది గదిలో, రైలు నడిపే కంప్యూటర్ ఆట తయారుచేసిన మనిషి. ఆమె దగ్గర పనిచేసింది నేనొక్కదాన్నే.

చేరిన రోజు కంప్యూటర్ ముట్టనివ్వలేదు. నిండా నీళ్లు పోసిన చెంబు చేతికిచ్చి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా ప్యాసింజర్ ఎక్కించింది. "సీటు మీదెట్టి సూడు. బండి కదిలినప్పుడు నీళ్లెటు పోతన్నాయో, ఆగినప్పుడెటు పోతన్నాయో సూడు. కంప్యూటర్‌కి తరవాత సెప్పుదువు" అంది. ఎదురుగా చేపల గంపతో కూర్చున్నావిడ "ఏటమ్మా, దేవుడి మొక్కా?" అని అడిగింది. సిగ్గుతో చచ్చాను. చుడీదార్ కూడా తడిసింది.

ఆ ఆటలో రైలు వేగం అందుకోవాలన్నా, ఆగాలన్నా యుగం పట్టేది. బోగీల్లో సరుకు నిండితే మరీను. ఎవరెంత చెప్పినా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేది శాంతక్క.

ఓరోజు ఆట కొనడానికి విశాఖ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన కాదంటే గదికి తాళం వెయ్యాల్సిందే, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆయన కూర్చుని రైలు జోరుగా తోలాడు. గేటు దగ్గర పట్టాల మీదికి ఆవు వచ్చింది. బ్రేకు వేశాడు. రైలు కీచుమంటూ పోయింది, పోయింది, ఆవుని గుద్దేసి ఇంకా పోయింది.

"ఇదేంటమ్మా, బ్రేకేస్తే ఆగాలిగా! ఆడేవాళ్లు విసిగిపోతారు. ఠక్కున ఆగేలా చెయ్యండి, ఇవాళే తీసుకుంటా" అన్నాడు.

ఒక్క అంకె మారిస్తే అయిపోయే పని. నేను కీబోర్డు దగ్గరికి జరిగాను.

"సెయ్యి తియ్యే!" శాంతక్క అరిచింది. "నిజం బండి అలా ఆగదు సార్. నాకీ బేరం వద్దు."

ఆయన తెల్లబోయి లేచి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. "ఇంటికొచ్చిన లచ్మిని కాలదన్నీసినావేటక్కా! ఒక్క ఆవు కోసమా?" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆమె భర్త రైలు డ్రైవరట! అన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు. గేటు దగ్గర పట్టాలు దాటుతున్న ఓ ముసలామె ఆయన బండి కింద పడిందట.

"దూరాన్నించే సూసినాడు, బ్రేకూ ఏసినాడు. ఆగనేదే. ఊరు ఊరంతా ఎందుకాపనేదని తిట్టింది. ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడిపోనాడు. నేనేటన్నానో తెలుసా? నేనూ అదే అడిగీసినాను, ఆపనేకపోనావా అని."

"తరవాత?"

"బతికున్నన్నాళ్లూ మరి నాతో మాటాడనేదు."

నేను లెక్కలనుకుని రాస్తున్నదంతా ఆమె తన మొగుడికి చెప్పుకుంటున్న క్షమాపణా! ఆ నెలలోనే గది మూసేశాం.

కిందటేడు లారీ నడిపే మా తమ్ముడు ఎచ్చెర్ల దగ్గర సైకిలాయన్ని గుద్ది ఇంటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఒరే, బ్రేకు ఎయ్యనే..." అంటూ అమ్మ మొదలెట్టింది. గభాల్న అమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టేశాను. అమ్మ కొయ్యబారిపోయింది. నేను చేసిన పనికి నేనే నివ్వెరపోయాను.

వాడి పక్కన కూర్చుని, "అన్నం తిన్నావేట్రా?" అని అడిగాను.

అప్పుడు ఏడ్చాడు వాడు.