శుక్రవారం పూట ఎద్దు కంటి మందు

నిరుడు జొన్నకోతల్లో మా ఎద్దు కంట్లో దంటు గుచ్చుకుంది. నల్లగుడ్డు మీద పుండు పడి, పైన మీగడలాంటి పొర కమ్మింది. ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో ఇచ్చిన చుక్కలు వేసినా మానలేదు.

"కన్ను పోతే సంతకు తోలాల్సిందే. ఒంటికన్ను ఎద్దును సేద్యగాడు కొనడు, కసాయి కోతకే పోతాది" అన్నాడు మా ఆయన. మా చేతుల్లో పుట్టిన దూడ అది.

ఆసుపత్రివాళ్లే నంద్యాలలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పొమ్మన్నారు. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని పోయాం. ఆమె కన్ను చూసి, ఎద్దు మెడనరంలో సూది గుచ్చి నెత్తురు తీసింది.

"కంటికి మందడిగితే మెడకు పొడుస్తాండావేందమ్మా?" అన్నాడు ఆయన.

"దాని నెత్తురులోనే దాని మందు ఉండాది. డెంగీ జ్వరంలో తగ్గిపోయినాయంటారే, ఆ ప్లేట్‌లెట్లే. పుండును మాన్పేది అవే."

ఆ నెత్తురును యంత్రంలో గిర్రున తిప్పితే ఎరుపంతా అడుక్కు దిగి, పైన తేనెరంగు నీళ్లు తేలాయి. అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని చిన్న సీసాల్లో పోసి ఇచ్చింది. ఫ్రిజ్‌లో ఉంచాలి, ఒక్క పూట కూడా తప్పకుండా వేయాలి అని గట్టిగా చెప్పింది.

మాకు ఫ్రిజ్ లేదు. పక్కింటి అక్కకు ఉంది.

"నెత్తురా? నా పెరుగు పక్కనా?" అంది అక్క.

"నెత్తురు గాదక్కా, దాంట్లోనించి తీసిన నీళ్లు."

"నీళ్లయితే వంకాయల కాడ పెట్టుకో."

ఎవరూ పొరబడకుండా నేనే చీటీ మీద 'ఎద్దు కంటి మందు' అని రాసి సీసాలకు అంటించాను. మనవడు పుట్టాక, సాయంత్రం బడిలో నేర్చుకున్న అక్షరాలు. అక్క చూసి, "బాగుంది మే. ఇంగ ఎద్దుకు గూడా చదువు చెప్పు" అంది.

పొర కొంచెం పలచబడుతున్న రోజుల్లోనే ఒక శుక్రవారం చేనునుంచి వచ్చేసరికి పొద్దు గూకింది. మందు కోసం పోతే అక్క గడపలో అడ్డం నిలబడింది.

"దీపం పెట్టినాక శుక్రవారం ఇంట్లోది బయటికియ్యను."

"అది మాది గదక్కా."

"మీదే. ఉండేది నా ఇంట్లో. లక్ష్మి అదంతా చూస్తాదా?"

నాకు కోపం రాలేదు. ఆ వేళకు నేనూ చిటికెడు ఉప్పు ఇవ్వను. కానీ పూట తప్పితే పుండు మళ్లీ తిరగబెడుతుందేమోనని అక్కడే నిలబడ్డాను. అక్కే ఒక దారి చెప్పింది.

"ఎద్దును ఈడికే తోలుకరా. మందు గడప దాటదు, నేనే ఏస్తా."

మా ఆయన పగ్గం పట్టుకుని ఎద్దు తలను గడప లోపలికి పెట్టించాడు. నేను రెప్ప ఎత్తాను. అక్క సరిగ్గా కంట్లో చుక్క వేసింది. ఎద్దు బుస్సుమని ఆమె చీర మీద చీదింది.

"మంచి చీర కట్టుకున్న దినమే చూసుకుని వచ్చినావా నాయనా" అని దాని నుదురు తట్టింది.

మందు అయిపోయేలోపే పుండు మానింది. చిన్న తెల్లమచ్చ మిగిలిందంతే. ఒక పొద్దున మా ఆయన దెబ్బ తగిలిన కంటి పక్కనుంచి చెయ్యి చాపితే ఎద్దు తల వెనక్కి లాక్కుంది. "కనపడతాండాది దీనికి" అని, చాలాసేపు దాని మెడ నిమురుతూ ఉండిపోయాడు.

ఆ డాక్టరమ్మకు ఫోన్ చేసి దండాలు చెప్పుకున్నాం. తర్వాత అక్కకు చెబితే, "నయం గాక? ఏసిందెవురు?" అంది. అక్క వేసింది ఆ శుక్రవారం ఒక్క పూటే.