డర్ట్ బైక్‌కి పలుపు

కాఫీ పళ్లు కోతకొచ్చే రోజుల్లో ఇంట్లో జానెడు చోటు కూడా బంగారమే. అలాంటి రోజుల్లో మా పాకలో సగం చోటు ఒక బొమ్మలాంటి పెట్రోలు బండి తినేసేది. మనవరాలి సరదా కోసం మా అబ్బాయి విశాఖలో ఎవరో వాడి వదిలేసినది కొనుక్కొచ్చాడు. డర్ట్ బైకట. పిల్ల ఏపుగా ఎదిగింది, మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతున్నాయి. ఇంకా ఎందుకు? ఎండిన పళ్ల బస్తాలు వసారాలో మంచుకి తడుస్తుంటే నాకు కడుపు మండిపోయేది.

అబ్బాయి అమ్మకానికని ఫోన్లో దాని బొమ్మ పెట్టాడు. ఇక మొదలు. "లాస్ట్ ఎంత?" అని అడిగేవాడే తప్ప ఇంటికొచ్చేవాడు లేడు. ఒకాయన రోజూ ఫోన్ చేసి మైలేజీ అడిగేవాడు. "పిల్లలు తొక్కే బండికి మైలేజేటి బాబూ, దీన్తో డిల్లీ ఎల్తావా?" అని పెట్టేశాను.

చివరికి బొర్రా వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, కొడుక్కట. అబ్బాయి ఊళ్లో లేడు, మనవరాలు బడికెళ్లింది. బేరం నేనే ఆడాను. అతనే కిక్ కొట్టాడు, బండి గుర్రుమంది. ట్రాలీ ఆటోలోకి ఎక్కించేటప్పుడు హ్యాండిల్ దగ్గర వేలాడుతున్న ఎర్ర తాడు చటుక్కున పీకి దాచుకున్నాను. ఆవునమ్మినా దూడనమ్మినా దాన్ని కట్టేసే పలుపు మాత్రం ఇవ్వకపోవడం మా ఇంటి ఆచారం. పలుపుతో పాటు ఇంటి కలిసొచ్చే గుణం కూడా వెళ్లిపోతుందని మా అత్తగారు అనేది. పాకలో కట్టేసి ఉన్నదానికి పలుపు ఉండదా? నాకలాగే తోచింది.

ఆ సాయంత్రమే బస్తాలు లోపలికి చేర్చడం మొదలుపెట్టాను. మర్నాడు, ఇంకా సగం బయటే ఉండగా, అదే ఆటో వచ్చి ఆగింది.

"ఏటి మామ్మా, సచ్చిన బండి అంటగట్టినావు! కిక్ కొట్టి కొట్టి నా కాలు పోనాది. నీ బండి నువ్వుంచుకో!"

"నీ సేతుల్తో స్టార్ట్ సేసి మరీ తీసుకెల్లినావు కదా బాబూ! ఇంటికెల్లి ఏటి సేసినావో నాకేటి తెలుసు?"

అతను బండి దింపబోయాడు. నేను పాక గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆ బండి మళ్లీ లోపలికొస్తే నా కాఫీ పళ్లు బూజు పట్టడమే.

ఆదివారం కావడంతో మనవరాలు ఇంట్లోనే ఉంది. వచ్చి ఆటో చుట్టూ తిరిగి బండిని చూసింది. "మామ్మా, ఎర్ర తాడేది?"

"పలుపు దాసినాను."

పిల్ల నేలమీద కూలబడి నవ్వింది. ఆ తాడు ఒక కొస బండికి, ఇంకో కొస పిల్ల చేతికి తగిలించాలట. పిల్ల పడితే తాడు ఊడుతుంది, ఇంజను ఆగిపోతుంది. తాడు లేకపోతే అసలు అంటుకోదు. ఈ ముక్క నాకు ముందే చెప్పకూడదూ!

"అయితే ఆ తాడు బేగి ఇచ్చీ మామ్మా," అన్నాడతను.

"పలుపు ఇచ్చేది లేదు."

"ఇనుప బండికి పలుపేటే తల్లీ!"

"మీ ఇంట్లో దూడనమ్మితే ఇస్తావేటి?"

అతను ఇవ్వడని మొహం చూస్తేనే తెలిసింది. కాసేపు గొణిగి, ఆటోలో బండిని బిగించిన కొత్త నైలాను తాడు విప్పి నా ముందు పడేశాడు. "ఇదుంచుకో. పలుపుకి పలుపు."

అతని తాడు నా తాడుకి నాలుగింతలుంది. ఆ సంగతి పైకి అనలేదు. ఎర్ర తాడు తెచ్చిచ్చాను. ఒక్క కిక్కుకే బండి మోగింది.

కట్టడానికి తాడు లేక, అతను ఆటో వెనకాల కూర్చుని బండిని బిడ్డలా వాటేసుకున్నాడు. మనవరాలు నవ్వుతూ టాటా చెబుతోంది.

"ఆ ఇకిలింపు ఆపి బస్తా పట్టవే గుంటా," అని కసిరాను. కొండ మీంచి మంచు అప్పుడే దిగుతోంది.