ఎనిమిది నాచ్‌ల పడవ

సీతాఫల్‌మండిలో ఐజాక్ తాతను ఒకసారి ఎక్కించుకున్న ఆటోవాడు రెండోసారి ఎక్కించుకోడు. చిలకలగూడ దిగుడు రాగానే తాత వెనక సీట్లోంచి వాడి భుజం తట్టి, "ఇంజన్ బంద్ చెయ్ బాబూ, దిగుడే కదా, బండి అదే పోతుంది" అంటాడు. వాడు బంద్ చెయ్యకపోతే చేసేదాకా అంటాడు. చేశాడో, ఇంకా ప్రమాదం. రైల్వేలో ముప్ఫై ఎనిమిదేళ్లు డీజిల్ ఇంజన్ నడిపి, డీజిల్ పొదుపు చేసినందుకు మూడు సర్టిఫికెట్లు ఎలా అందుకున్నాడో స్టేషన్ దాకా చెబుతాడు.

డోరా నానమ్మ బాధ వేరు. కుక్కర్ రెండు కూతలు కూయగానే తాత వంటింట్లోకి వచ్చి గ్యాస్ కట్టేస్తాడు. మిగతా పప్పు ఆ ఊపు మీదే ఉడుకుతుందట. దాన్ని కోస్టింగ్ అంటారట. అంటే స్టేషన్ ఇంకా రెండు కిలోమీటర్లు ఉండగానే పవర్ తీసేసి, బండిని దాని ఊపు మీదే దొర్లనివ్వడం. రైలుకి అది కుదురుతుంది. కందిపప్పుకి కుదరదు. ఆ సంగతి నానమ్మ పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది, పప్పు పలుకుగానే ఉంటోంది.

అలాంటి మనిషి పోయిన వేసవిలో విశాఖపట్నం వెళ్లి ఓ ఘనకార్యం చేసి వచ్చాడు.

అక్కడ తాత చెల్లెలి కొడుకు యేసురాజుకి ఓ ఫైబర్ పడవ ఉంది. ఒడ్డు నుంచి యాభై కిలోమీటర్లు లోపలికి వెళ్లి ట్యూనా చేపలు పడతాడు. పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్లు అప్పట్లో చిన్నవి. పడవ ఎక్కిన తాత చేపల్ని చూడలేదు, సముద్రాన్ని చూడలేదు. గొంతు చించుకుంటున్న ఆ మోటార్లనే చూస్తూ కూర్చున్నాడు. దిగగానే తీర్పు చెప్పేశాడు. "ఒరే యేసూ, చిన్న ఇంజన్‌ని చావగొట్టేకంటే పెద్ద ఇంజన్‌ని నిమ్మళంగా తోలడం మేలురా. నూనె కూడా తక్కువ తాగుతుంది. నా మాట విను."

యేసురాజు విన్నాడు. ఒక్కోటి నూటయాభై గుర్రాల బలమున్న మోటార్లు రెండు కొన్నాడు. వాటి ఫొటో ఫోన్లో పెట్టుకుని తాత చర్చిలో ప్రతి ఒక్కరికీ చూపించాడు. ప్రభువు బల్ల ఆరాధన అయ్యాక పాస్టరు గారికి రెండుసార్లు చూపించాడు.

మోటార్లు మాత్రం పెట్రోలుని మంచినీళ్లలా తాగేశాయి. "సముద్రంలో పట్టిన చేపంతా బంకులో పోసొత్తన్నాను మావయ్యా" అని ఒకసారి చెప్పాడు యేసురాజు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆపైన ఆగిపోయాయి. ఆరు నెలలు మేనల్లుడి గొంతు వినబడలేదు.

మొన్న బుధవారం యేసురాజు భార్య గ్లోరియా ఫోన్ చేసింది. శనివారం పదకొండింటికి గోవా నుంచి ఒకాయన వచ్చి మోటార్లు పట్టుకుపోతాడట. మోటార్లు లేని పడవ ఎందుకని దాన్నీ అమ్మేస్తారట. యేసురాజు ఏదో అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరతాడట.

తాత మొహం మాడిపోయింది. మూడు తరాలుగా సముద్రం మీద బతికిన ఇంటిని, సముద్రమే లేని ఊళ్లో కూర్చుని తను ఒడ్డున పడేశాడు. వెంటనే మేనల్లుడికి ఫోన్ కొట్టాడు.

"యేసూ, ఒక్క ట్రయల్ రన్ చేద్దాంరా. నేను చెప్పినట్టు తోలు."

"నువ్వు సెప్పినట్టు కొన్నాను సాల్లే మావయ్యా. నువ్వు రైలోడివి, నాది పడవ."

"ఇంజన్ ఇంజనేరా!"

"మా పెట్రోలు పెట్రోలు కాదా మరి?"

నానమ్మ ఫోన్ లాక్కుంది. "ఒరే యేసూ, మీ మావయ్య చెప్పినట్టు ఒక్క పూట చెయ్యి నాయనా. లేకపోతే ఇవాళే బండెక్కి వచ్చి నీ పడవలో కూర్చుంటాడు. ఆయన్ని దింపడం నీ వల్ల కాదు."

"సెనివారం ఏడింటికి. పదకొండుకి మాత్రం మోటార్లు ఎలిపోతాయి అత్తా" అన్నాడు యేసురాజు.

శనివారం ఆరింటికే తాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బాల్కనీలో కూర్చున్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టాడు. ముందురోజే హుకుంలు జారీ అయ్యాయి. వేటకి వెళ్లినట్టే పడవలో నిండుగా ఐస్, ఎర ఉండాలి. ఒక్కో మోటారుకి ఇరవై లీటర్ల క్యాను విడిగా తగిలించి, దాని మీద లీటరుకో గీత పెట్టాలి, ప్రతి పరుగుకీ ముందు మళ్లీ నిండుగా పోయాలి. పరుగు పది కిలోమీటర్లు. ఒడ్డు వెంబడే అప్ అయిదు, డౌన్ అయిదు, ఎందుకంటే నీటివాలు ఒకవైపు సాయం చేస్తే ఇంకోవైపు అడ్డం పడుతుంది. రైలింజన్ హ్యాండిల్‌కి ఎనిమిది మెట్లుంటాయి, వాటిని నాచ్ అంటారు. అలాగే పడవ హ్యాండిల్ పక్కన సుద్దముక్కతో ఎనిమిది గీతలు గీయాలి.

"గీశావా?"

"గీసినాను. పడవలో అంతా నవ్వుతన్నారు మావయ్యా."

"నవ్వనీ. మొదటి పరుగు నువ్వు రోజూ తోలినట్టే తోలు."

రోజూ తోలినట్టంటే ఎనిమిదో నాచ్‌లో, చెవులు చిల్లులు పడేలా. మోటార్ల హోరుకి కింద బట్టలారేస్తున్న కింది వాటా పుష్పమ్మ తలెత్తింది. "ఏంది సార్, పొద్దుగాల్నే గీ లొల్లి? ఫోన్ల ఇమానం ఎక్కుతున్నవా?"

"పడవమ్మా, పడవ! విశాఖపట్నంలో పోతోంది!"

"గట్లనా! జెర ఆగు, నేను సుత వస్తున్న." తడిచేతులతోనే పైకొచ్చి గుమ్మంలో కూలబడింది.

పది నిమిషాల్లో లెక్క వచ్చింది. రెండు క్యాన్లూ కలిపి పద్దెనిమిది లీటర్లు. "చూశావా, చావగొడుతున్నావు" అన్నాడు తాత హుషారుగా. "ఇప్పుడు నిదానంగా. మూడో నాచ్."

ఆ పరుగు ముప్పావుగంట పట్టింది. పుష్పమ్మకి రెండుసార్లు చాయ్ అయింది. తాత మధ్యమధ్య "ఆహా, ఎంత నెమ్మదిగా వినబడుతోందో!" అని మురిసిపోయాడు. లెక్క వచ్చింది. పదిహేడు.

"పదిహేడా? సరిగ్గా చూడరా!"

"సూసినాను. ఈ మజ్జిన ఆదా కోసం నాలుగు రోజులు ఇలాగ కూడా తోలి సూసినాను. సేప ఐస్ కరిగిపోయాక గట్టుకొచ్చినాది, పెట్రోలు మాత్రం మిగల్లేదు."

తాత కుర్చీలోంచి లేచాడు. ఇక బ్రహ్మాస్త్రమే. "కోస్టింగ్ చేద్దాం. ఆరులో ఊపందుకో. అందాక సున్నాకి దించెయ్. ఊపు మీద పోనీ. ఊపు తగ్గితే మళ్లీ ఆరు."

"దేవుడా, పప్పు!" అంది నానమ్మ లోపల్నుంచి.

ఫోన్లో మోటార్లు లేచాయి, హోరెత్తాయి, ఠక్కున ఆగాయి. వెంటనే దబ్బున నీళ్ల చప్పుడు, నలుగురి కేకలు. ఎవరో తాతను ఏదో అన్నారు. అదేమిటో పుష్పమ్మకి స్పష్టంగా వినబడింది గానీ, పెద్దమనిషి ముందు నవ్వు దాచుకుంది. అయినా యేసురాజు మొండివాడు, మేనమామ పోలిక. పది కిలోమీటర్లూ అలాగే లేస్తూ పడుతూ పూర్తిచేశాడు.

"ఇరవయ్యొకటి" అన్నాడు. "తడిసిపోనాం. ఇంక సాలు మావయ్యా. నువ్వు పెద్దోడివి, నిన్నేమీ అనను. తిప్పేత్తన్నాను."

మూడు సర్టిఫికెట్ల మనిషి బాల్కనీ ఊచ పట్టుకుని నిలబడిపోయాడు. నానమ్మ గరిటెతోనే వచ్చి పక్కన నిలబడింది. కాసేపటికి తాత మెల్లగా అడిగాడు. "యేసూ, ఒక్క మాట చెప్పి పెట్టెయ్. నువ్వు వదలగానే పడవ ఏం చేసింది?"

"ఏటి సేత్తాది? రైలులాగ దొర్లుతాదేటి? నీళ్లలోకి దిగిపోనాది. ఎనకున్న మన కెరటమే మన మీద పడిపోనాది. మళ్లీ పైకి లేపాలంటే కొండెక్కించినట్టే."

"ఏమన్నావ్? కొండా?"

"కొండే. ముందు నీళ్లు గుట్టలాగ లేత్తాయి. అది దాటితేగానీ పడవ తేలదు."

"మూడో నాచ్‌లో ముక్కు ఎక్కడుంది?"

"పైకి. ఆకాశం తప్ప ఏటీ అగుపించదు."

తాత గట్టిగా అరిచాడు. పుష్పమ్మ చేతిలో గ్లాసు ఒలికింది. "ఒరే, అది ఘాట్ సెక్షన్‌రా, రైలు కొండెక్కే దారి! మూడో నాచ్‌లో నువ్వు పొదుపు చెయ్యట్లేదు, ఎక్కుడు మధ్యలో చక్రాలు జారుతూ నిలబడ్డావు! నేను కోస్టింగ్ అని ఒక్కో కిలోమీటరుకీ ఆ ఘాట్ మళ్లీ మళ్లీ ఎక్కించాను, బుద్ధిలేనివాణ్ణి! తిప్పకు. ఐస్ పెట్టెలెక్కడున్నాయి?"

"ఎనక."

"మధ్యకి లాగించు! వెనక బరువుంటే ముక్కు దిగదు. ఎనిమిదిలో ఎక్కించెయ్, మొహమాటం లేదు. గుట్ట దాటి పడవ బల్లపరుపుగా అయిందా, అప్పుడు ఒక్కో గీత తగ్గించు. ముక్కు మళ్లీ లేవబోతుంటే అరగీత పెంచి అక్కడే పట్టుకో. వదలకు. ఒక్కసారే ఎక్కుదాం, అయిపోయేదాకా దిగొద్దు!"

యేసురాజు ఆలోచిస్తున్నాడో, తిట్టుకుంటున్నాడో తెలియలేదు. తర్వాత బరువైన పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు వచ్చింది.

మోటార్లు హోరెత్తాయి. "లేత్తన్నాది... లేత్తన్నాది... తేలిపోనాది!" అని కేక. "ఏడు. ఆరు. అయిదు. నాలుగు... మావయ్యా, ముక్కు లేత్తన్నాది!"

"నాలుగున్నర! పట్టుకో!"

హోరు తగ్గి ఒక్క తీరున మూలుగుగా మారింది. తాత కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజన్ సుఖంగా ఉన్నప్పుడు చేసే చప్పుడు రైలుకైనా పడవకైనా ఒకటే. పావుగంట గడిచింది. కింద రోడ్డు మీద ఎవడో హారన్ కొడితే పుష్పమ్మ "నోర్ముయ్ రా!" అని అరిచింది.

"మావయ్యా." యేసురాజు గొంతు మారిపోయింది. "పదకొండు."

"టైమా?"

"టైము తొమ్మిదిన్నరే. లీటర్లు! పదకొండు లీటర్లు! రెండు క్యాన్లలోనూ సగానికి పైన మిగిలిపోనాది మావయ్యా!"

తాత నానమ్మను గరిటెతో సహా పట్టుకుని ఊపేశాడు. పుష్పమ్మ చప్పట్లు కొట్టింది. "మస్తు సార్! మా ఆయన బైకు సుత జెర చూడు రాదు, పెట్రోలు గట్లనే తాగుతది."

"ఒడ్డుకి రా యేసూ, ఆ గోవా ఆయనతో నేను మాట్లాడతాను" అన్నాడు తాత ఊపిరి ఆడక.

"గట్టుకెందుకు? ఐస్ నిండుగుంది, ఎర ఉంది, ట్యాంకులో పెట్రోలుంది. ఆయనకి గ్లోరియా టీ ఇచ్చి పంపించేత్తాది. మేం ఏటకి ఎల్తన్నాం!" వెనక నవ్వులు, ఈలలు. పడవ తిరిగింది. గొంతు ముక్కలుముక్కలుగా వస్తోంది. "మావయ్యా... రేపు సాయంత్రం... పెద్ద సేప నీకే..."

"నాలుగున్నర దాటకు! విన్నావా? గాలి ఎదురైతే ఐదు! పెట్టెలు మధ్యలోనే... యేసూ! యేసూ?"

"సిగ్నల్ పోయిందండీ. సముద్రంలోకి వెళ్లిపోయాడు" అంది నానమ్మ.

"రేపు సాయంత్రం దాకా ఎలాగే డోరా?" అన్నాడు తాత.

"పప్పు ఉడుకుతోంది. ఆ వైపుకి మాత్రం రాకండి, చాలు."

తాత ఫోన్‌ని చార్జింగ్‌కి పెట్టాడు. కుర్చీ లాక్కుని దాని పక్కనే, ఇస్త్రీ చొక్కా విప్పకుండానే కూర్చున్నాడు.