పెరటి తలుపు చూపించిన టైలరమ్మ

టైలరమ్మకు తన తోడికోడలంటే పడదని మా వీధిలో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క ఆ తోడికోడలికే. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇద్దరి భర్తలూ అన్నదమ్ములు. పెద్దవాడైన టైలరమ్మ భర్త లారీ నడుపుతాడు, చిన్నవాడు ఓడల మీద పనిచేస్తాడు. ఇద్దరూ ఇంటిపట్టున ఉండే రోజులు తక్కువ. అత్తగారు పోయాక మధ్యలో గోడ లేపి ఇల్లు రెండు వాటాలు చేసుకున్నారు. ముందు గుమ్మాలు వేరు, పెరడు మాత్రం ఒకటే. రెండు వంటిళ్ళ తలుపులూ అందులోకే తెరుచుకుంటాయి.

వీధి వైపు కిటికీ ఉన్న గది నర్సు వాటాలోకి పోయింది. వాటాలకు వేసిన చీటీ తీసింది టైలరమ్మ చెయ్యే అయినా, ఆ కిటికీని చూసినప్పుడల్లా ఆమెకు కడుపు మండేది. పట్టపగలు లైటు వేసుకుని సూదిలో దారం ఎక్కించుకోవలసింది తను. ఆ వెలుతురులో దర్జాగా కూర్చుని పేపరు చదివేది నర్సు.

“పన్నెండేళ్ళు వండిపెట్టింది నేను. రెండు సూదులు పొడిచింది ఆవిడ. పోయే ముందు మా అత్త ఎవరి పేరు కలవరించిందో తెలుసా?” అని ఒకసారి నా చొక్కాకి కాలరు మారుస్తూ అడిగింది. నోట్లో గుండుసూదులున్నాయి, అయినా మాట స్పష్టంగానే వినిపించింది. ఈ కథంతా ఆమె నాకు చెప్పింది కూడా అలాగే, ముక్కలు ముక్కలుగా, పనిచేసుకుంటూ.

ఆ మధ్యాహ్నం ఆమె బడిపిల్లల తెల్ల చొక్కాలు కత్తిరించి, సైజుల వారీగా నేల మీద పరుచుకుని ఉంది. తలుపు మీద దబదబా చప్పుడయింది. ఇన్‌స్పెక్టరు, వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్ళు.

“గొలుసు దొంగ ఒకడు ఈ సందులోకి దూరాడు. ఇల్లు చూడాలి.”

“రండి సార్, రండి” అని ఆమె పక్కకు తప్పుకుంది. కూర్చోమని కుర్చీ కూడా లాగింది.

వాళ్ళు కూర్చోలేదు. బూటుకాళ్ళతో తెల్లగుడ్డ మీద నడిచారు. పెట్టె బోర్లించారు. భర్త రాసిన పాత ఉత్తరాలు ఒకడు పైకే చదివాడు. ఆమె లంగాలు ఇంకొకడు వేలితో ఎత్తి చూసి నవ్వాడు. దారపు కండెల డబ్బా కూడా కుమ్మరించారు. కండెల డబ్బాలో దొంగ ఎలా పడతాడు సార్ అని అడగాలని ఆమెకు తట్టింది కానీ, అది వాళ్ళు వెళ్ళిన రెండు రోజులకు. చివర్లో ఇన్‌స్పెక్టరు ఒక కాగితం చూపించి, “ఇల్లు చూశామని. సంతకం పెట్టు” అన్నాడు. చదవకుండానే పెట్టేసింది.

వాళ్ళు పక్క గుమ్మం వైపు తిరిగారు. ఆమె బయటికి వచ్చి నిలబడింది. నర్సు బీరువా ఎలా బోర్లిస్తారో చూడాలి మరి. ఆ ఇస్త్రీ చీరల మీద బూట్లు ఎలా నడుస్తాయో చూడాలి.

నర్సు తలుపుకున్న గొలుసు తీయకుండా ఓరగా తెరిచింది.

“ఏం కావాలి సార్?”

“ఇల్లు వెతకాలి. తలుపు తియ్యి.”

“వారెంటు ఉందా?”

“దొంగని పట్టుకోవడానికి వారెంటేంటమ్మా?”

“దొంగ నా ఇంట్లోకి రావడం మీరు చూశారా?”

“ఈ సందులోకి వచ్చాడు.”

“నేను పొద్దుట్నుంచీ ఈ కిటికీ దగ్గరే ఉన్నాను. ఎవరూ రాలేదు. కాగితం తెచ్చుకోండి, నేనే తలుపు తీస్తాను.”

“దాచడానికేం లేకపోతే భయమెందుకు?”

“భయమే ఉంటే ఈపాటికి తీసేసేదాన్ని సార్.”

ఆసుపత్రి వార్డు తలుపు దగ్గర నిలబడి వేళకాని వేళ వచ్చే ఎంతటివాళ్ళనైనా ఆపడం ఆమెకు అలవాటు. గొంతు పెంచలేదు. తలుపు మూసేసింది. మేడల మీంచి జనం చూస్తున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొకరు “శభాష్!” అన్నారు.

“ఆ చప్పట్లు నా రెండు చెంపల మీదా పడ్డట్టే అనిపించింది. నేను కూడా తలుపు తీశాను కదా. నాకూ నోరుంది కదా. నా ఇంట్లో గుడ్డలు తొక్కుతుంటే ఈ జనం ఎక్కడున్నారు?” అంది టైలరమ్మ నాతో.

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డలా అయింది. ఆమె వైపు చూసి, “నువ్వు నయం. మర్యాద తెలిసినదానివి. ఆవిడకేంటమ్మా అంత పొగరు?” అన్నాడు.

ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు తనే నయమన్నారు. ఆ మాటకు ఆమె పొంగిపోయింది.

“పెరట్లోంచి వంటింటి తలుపుంది సార్. దాని గడియ సరిగ్గా పడదు” అంది.

ముగ్గురూ ఆమె ఇంట్లోంచే పెరట్లోకి వెళ్ళారు. తలుపు ఒక్క తోపుకే ఊడింది. అడ్డం వచ్చిన నర్సును పక్కకు నెట్టారు. ఆమె వంటగట్టు మీద పడింది, మణికట్టు మడతపడింది. బీరువా బోర్లింది, చీరలు నేల మీదికొచ్చాయి. టైలరమ్మ కోరుకున్నదే. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించిందట. తర్వాత ఆ చెయ్యి వాచడం చూసింది.

దొంగ దొరకలేదు. వాడు అసలు మా సందులోకే రాలేదని, ఊరి అవతల పట్టుబడ్డాడని సాయంత్రానికి తెలిసింది.

టైలరమ్మ తెల్లగుడ్డ చించి, చెయ్యి మెడకు వేలాడదీసే పట్టీ కుట్టి ఇచ్చింది. నర్సు కళ్ళనీళ్ళు తుడుచుకుని, “నువ్వు లేకపోతే ఏమయ్యేదాన్నక్కా” అంది. టైలరమ్మకు సిగ్గు ఎంత వేసిందో ఒళ్ళూ అంత మండింది. మంచితనంలో కూడా ఈవిడే ముందుండాలా?

నర్సు పోలీసు పై అధికారులకు ఫిర్యాదు రాసింది. పది రోజులకు జవాబొచ్చింది. ఇంటివాళ్ళ అనుమతితోనే లోపలికి వెళ్ళామని, ఇదిగో సంతకమని. నర్సు ఆ నకలు పట్టుకొచ్చింది. ఉమ్మడి ఇంటి రెండు వాటాలూ వెతకడానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నానని రాసి ఉంది. కింద టైలరమ్మ సంతకం.

“ఇది నువ్వే పెట్టావా అక్కా?”

“పెట్టాను. చదవలేదు.”

“అయితే విచారణ వేయమని మళ్ళీ రాస్తాను. అందులో ఆ మాటే చెప్పు, చాలు.”

పెరటి తలుపు సంగతి మాత్రం టైలరమ్మ చెప్పలేదు.

విచారణకు ముందురోజు ఇన్‌స్పెక్టరు ఒంటరిగా వచ్చాడు. స్టేషను వాళ్ళందరి యూనిఫారాలూ ఇకనుంచి ఆమెకే కుట్టడానికి ఇప్పిస్తానని, లోపల కూర్చుని మాట్లాడుకుందామని అన్నాడు. ఆమె గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

“ఇక్కడే చెప్పండి సార్. లోపలికి మాత్రం రానివ్వను” అంది, వీధి వీధంతా వినిపించేలా.

అతను పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె తలెత్తి మేడల వైపు చూసింది. ఒక్క నరపురుగూ లేదు. అందరూ పనులకు పోయారు. “నా ఖర్మ చూశావా!” అంది నాతో, ఇప్పటికీ అదే కోపంతో.

విచారణ చేసింది ఒక పెద్ద వయసు ఆఫీసరమ్మ. కాగితం ముందుకు తోసి అడిగింది. టైలరమ్మ కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసింది. “‘రెండు వాటాలూ’ అన్న మాట తర్వాత ఇరికించారమ్మా. చూడండి, పక్క అక్షరాలు ఎంత వదులుగా ఉన్నాయో, ఇవి ఎలా నొక్కుకుపోయాయో.”

“సరే. మరి పెరటి తలుపు సంగతి వీళ్ళకెలా తెలిసింది?”

వాళ్ళంతట వాళ్ళే చూశారని అంటే సరిపోయేది. నర్సు ఎదురుగానే ఉంది.

“నేనే చెప్పాను.”

“ఎందుకు?”

“ఆవిణ్ణి చూస్తే ఓర్చుకోలేనమ్మా. అందరూ ఆవిణ్ణే మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది.”

నర్సు తల తిప్పి ఆమె వంక చూసింది. ఇన్‌స్పెక్టరు అందుకున్నాడు. “చూశారా మేడమ్, తలుపు చూపించిందంటే ఒప్పుకున్నట్టేగా?”

“నా ఇంటికైతే ఒప్పుకున్నాను సార్. ఆవిడ ఇంటికి ఒప్పుకోడానికి నేనెవర్ని? ఆవిడ తియ్యనని మీ మొహం మీదే చెప్పింది కదా. నేను విన్నాను, మీరూ విన్నారు. విన్నాకే నన్ను దాటుకుని వెళ్ళారు.”

ఆ మాట దగ్గరే కేసు తేలిపోయింది. వద్దన్న ఇంట్లోకి వారెంటు లేకుండా, తలుపు బద్దలుకొట్టి వెళ్ళడం తప్పేనని ఆఫీసరమ్మ తేల్చి రాసింది. ఇన్‌స్పెక్టరును సస్పెండు చేశారు. నర్సుకు క్షమాపణ ఉత్తరం వచ్చింది. పేపర్లో నర్సు ఫోటో వేశారు. లోపల ఎక్కడో ‘ఒక సాక్షి’ అని ఉంది. ఆ సాక్షి తనేనని టైలరమ్మ కనీసం పదిమందికి చెప్పుకుంది.

నర్సు పెరటి తలుపుకు కొత్త గడియ బిగించుకుని, నాలుగు నెలలు పలకరించలేదు. తర్వాత ఒకరోజు ముందు గుమ్మం దగ్గరికి వచ్చి, “నా కోపం ఇంకా పోలేదక్కా. అయినా నీతో మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను” అంది. చేతిలో కొత్త తెల్లగుడ్డ ఉంది. హెడ్ నర్సుగా ప్రమోషను వచ్చిందట, యూనిఫారం కుట్టించుకోవాలట.

“కుట్టావా?” అని అడిగాను.

“కుట్టాను. భుజం ఒక పక్కకి లాగేలా కుడదామని రెండుసార్లు అనిపించింది” అంది టైలరమ్మ. “కుట్టలేదులే. అది వేసుకుని వీధిలో నడిచి వెళ్తుంటే ఎంత బాగా కుదిరిందనుకున్నావు! అందరూ ఆవిడనే చూశారు. ఎవరు కుట్టారని ఒక్కరైనా అడగొద్దూ?”