ఎవరి చరణం వాళ్లే

ఆ కబురు మొదట తెచ్చింది ఊరూరా గాజులు అమ్మే చాచీ. కామారెడ్డి బస్సు దిగి, గంపైనా దించకుండా ఎల్లారెడ్డిలో మా వాకిట్లో నిలబడి, "ఆపరేషన్ మంచిగైంది బిడ్డా. నీ దోస్తు మాట్లాడింది. గొంతు జర బొంగురువోయింది, గంతే," అంది. బీడీల చాట పక్కన పెట్టి దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఎనభైల నాటి మాట. మేం ముగ్గురం ఇరుగుపొరుగు స్నేహితులం. పగలు బీడీలు చుడుతూ భజన పాటలు కట్టేవాళ్లం, శనివారం గుడిలో పాడేవాళ్లం. నేను బడి ముఖం చూడలేదు. మా బాపు ఇంట్లో దిద్దించిన అక్షరాలే నాకు దేవుడిచ్చిన సొత్తు. ఒకరు ఒక మాట అంటే, మిగతా ఇద్దరూ బీడీలు చుడుతూనే పాడి చూడాలి. చేతులు ఆగితే ఆ మాట తీసేయాల్సిందే. ఎవరు కట్టిన చరణం వాళ్లే ఎత్తుకోవాలి.

మా ముగ్గురిలోకీ పైకి పలికే గొంతు, చాచీ కబురు తెచ్చిన ఆ దోస్తుదే. ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్‌కు పోయేముందు, "గొంతు పోతే నేను మీ దగ్గరికి రాను. మా ఇంట్లనే ఒక్కదాన్నే బీడీలు చుట్టుకుంట," అంది. అప్పటినుంచి మాకు అన్నం సహించలేదు.

కోలుకున్నాక శనివారం గుడికి వచ్చింది. ఆమెను కష్టపెట్టొద్దని ఆమె చరణం మేమే ఎత్తుకున్నాం. ఆమె వాయిస్తున్న తాళాలు ఠక్కున కింద పెట్టింది.

"ఏందే, నా చరణం మింగిండ్రు? నేనింక సావలే గదా!"

"నీకు కష్టమైతదని..." అన్నాను.

"కష్టమైతే నేను చెప్పనా?"

హార్మోనియం వాయించే మా మూడో స్నేహితురాలు, "పాడు తల్లీ! మాకు గూడ గది ఏం గొప్పగ రాలే," అంది. గుడిలో అందరూ నవ్వారు.

ఆమె ఎత్తుకుంది. పైకి పోయేచోట గొంతు జీరపోయి ఆగింది. హార్మోనియం మీది వేళ్లు రెండు మెట్లు కిందికి జరిగాయి. పాట మళ్లీ మొదలైంది. అంత కింద నా గొంతు గురగురలాడింది.

"నీది బర్రె గొంతే," అంది నాతో. తర్వాత తన చరణం చివరిదాకా పాడింది. నా కళ్ల నీళ్లు ఆగలేదు. ఎంత దయ చూపించావు స్వామీ అనుకున్నాను.

తెల్లారి చాట పట్టుకుని మా ఇద్దరి మధ్య వచ్చి కూర్చుంది. ఆమె చనిపోయేదాకా ఆ కింది శ్రుతిలోనే ముగ్గురం పాడాం.

ఇది చదివిన అక్కచెల్లెళ్లు, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి ఆమెను తలచుకోండి.