ముగ్గురికీ ఒకే ముఖం

మా పక్కింటి పెద్దాయన కిందియె, గౌరవంగా అందరం గాషే అంటాం, చర్చిలకు బొమ్మలు వేస్తారు. మా దెబ్రె మార్కోస్ ఊరి చుట్టుపక్కల పల్లెల్లో కనిపించే తండ్రి, కొడుకు, పవిత్రాత్మల త్రిత్వం బొమ్మ చాలావరకు ఆయన చేతిదే. పక్కపక్కన కూర్చున్న ముగ్గురు తెల్లగడ్డాల పెద్దలు, ముగ్గురిదీ అచ్చంగా ఒకటే ముఖం. ఏ ముఖాన్నీ ఆయన విడిగా పూర్తిచేసేవారు కాదు. మూడు ఎడమ కళ్లు వేశాకే మూడు కుడి కళ్లు, ఆ తర్వాతే ముక్కులు.

ఈ ఏడాది ఆయన చెయ్యి వణకడం మొదలైంది. వణుకు తగ్గిన పూట దొరికితే ఒక ముఖం మొత్తం ముగించేయడం మేలనుకున్నారు. బొమ్మ వేసేది బట్ట మీద; త్రిత్వం పండుగలోగా ఆ బట్టను చర్చి గోడకు అంటించాలి మరి.

మా పాపకు దగ్గు తగ్గక, దాన్ని భుజాన వేసుకుని నేను వాళ్ల వాకిట్లో తిరుగుతున్న రోజున చర్చి గురువు లిసాన్ వచ్చి బొమ్మ చూశారు.

"కిందియే, ఈ చివరాయన మిగతా ఇద్దరికీ తాతలా ఉన్నాడేమిటయ్యా?"

"నాన్న ఆయనకి తిండి సరిగా పెట్టలేదేమో!" అంది కాఫీ తెస్తున్న కూతురు యెషి.

"నువ్వు ఊరుకోవే," అన్నారు గాషే. ఆయన నవ్వలేదు.

"ఇది గోడకెక్కితే జనం ముగ్గురు దేవుళ్లకి మొక్కుతారు. చెయ్యి సాగకపోతే చెప్పు, ఇంకొకర్ని పిలిపిస్తా," అని గురువు వెళ్లిపోయారు.

రంగులు నూరేదీ, అంచులు గీసేదీ యెషే. "ఆ ఒక్క ముఖం నేను సరిచేస్తా నాన్నా," అంది.

"అప్పుడు ఇద్దరు నా వాళ్లు, ఒకాయన నీవాడు అవుతాడు."

నేను బడిలో ఫిజిక్స్ చెబుతాను. ఉండబట్టలేక అడిగాను. "ఇంతకీ వీళ్లలో తండ్రి ఎవరు గాషే?"

"తండ్రి కొడుకు కాడు, కొడుకు తండ్రి కాడు, ఆత్మ వేరు. అయినా దేవుడు ఒక్కడే. ఎలాగో నాకు అందదమ్మా. అందినట్టు బొమ్మ వేస్తే అబద్ధమవుతుంది."

మరునాడు ఆయన మూడు ముఖాల మీదా తెల్లరంగు పూసేశారు, బాగా కుదిరిన రెండింటి మీద కూడా. యెషి ఏడ్చినంత పని చేసింది. ఆయన మూడు ఎడమ కళ్లు వేసి కుంచె ఆమె చేతికిచ్చారు. మూడు కుడి కళ్లూ ఆమె వేసింది. ముక్కులు ఆయనవి, పెదాలు ఆమెవి. గీత వణికిన చోట మూడు ముఖాల్లోనూ వణికింది.

గురువు మళ్లీ వచ్చి, దగ్గరగా వంగి చాలాసేపు చూశారు.

"ఏది నీది, ఏది అమ్మాయిది?"

"విడదీసి చెప్పలేను అయ్యగారూ."

"సరే. ఆరాక చుట్టి పెట్టండి, మనుషుల్ని పంపుతా."