ఉప్పు లేని చారు, మూడుసార్లు

మా పక్క క్వార్టరు లక్ష్మీప్రసాద్ బాబాయి ఇరవయ్యెనిమిదేళ్లుగా ఈ హిందీ ఊళ్లో స్టీల్ ప్లాంటు ల్యాబులో పనిచేస్తున్నాడు. కరిగిన ఉక్కు నుంచి తీసిన చిన్న బిళ్ల ఆయన బల్ల మీదకి వస్తుంది. అరగదీసి మెషిన్లో పెడితే కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, అన్నీ అంకెల్లో వచ్చేస్తాయి. బాబాయి ఫోన్లో ఆ అంకె చెప్పేదాకా అవతల ఎవడూ ముందుకు కదలడు.

పోయిన వానాకాలంలో ఆ మనిషి ఒకే బిళ్లని నాలుగైదుసార్లు పరీక్షించడం మొదలెట్టాడు. తన అంకె మీద తనకే నమ్మకం పోయింది. అవతలివాళ్లు "అరే ప్రసాద్‌జీ, ఉక్కు చల్లారిపోతోంది, నిద్రపోయారా?" అని అరిచేవారు. రెండు నెలలుగా ఆయనకి లేనిదే నిద్ర. చివరికి సెలవు పెట్టించి పంపేశారు. డాక్టరు ఫిట్ అని రాసిస్తేనే మళ్లీ ఆ బల్ల. ఆయనకి కావలసింది కూడా ఆ బల్లొక్కటే.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో వదిలేసి ఖాళీగా ఉన్నాను. అంచేత సుపేలా పేటలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లే పని నాకు తగిలింది. ఆవిడ మాత్రలు రాసింది, రక్తపరీక్షలూ రాసింది. థైరాయిడ్, బీ పన్నెండు, షుగర్. అన్నీ నార్మల్.

"చూశావేట్రా చిట్టిబాబూ, అన్నీ లిమిట్లోనే ఉన్నాయి" అని బాబాయి రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాత్రలు ముట్టుకోలేదు. ఇంటికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పది రోజులు అలాగే.

రెండోసారి వెళ్లినప్పుడు ఆయనే ముందు అడిగాడు. "డిప్రెషన్ అన్నారు. అంటే సెరటోనిన్ తగ్గిందని కదా. ఎంత తగ్గింది? రిపోర్టేదీ?"

డాక్టరు హిందీలో అంది: "తగ్గిందని నేనన్నానా?"

"వాట్సాప్‌లో వచ్చింది."

"మెదడులో ఏది ఎంతుందో రక్తం తీసి చెప్పలేం. అదొక్కటి తగ్గితేనే ఈ జబ్బొస్తుందని తేలనూ లేదు. మీ రక్తపరీక్షలు వేరే కారణాలు లేవని చూసుకోవడానికే. ఈ జబ్బుని అడిగి తెలుసుకోవాలి. నిద్ర, ఆకలి, దేనిమీదైనా ఇష్టం, ఎన్ని వారాలుగా ఇలా ఉంది."

"అంకె లేకుండా మందేస్తారా? మా దగ్గరైతే మెమో ఇస్తారు."

ఆవిడ నవ్వి, ప్రశ్నలు మొదలెట్టింది. అన్నిటికీ బాబాయి "ఠీక్ హై" అన్నాడు. చచ్చిపోవాలని అనిపిస్తుందా అని అడిగితే ఫ్యాను వైపు చూశాడు.

అప్పుడు ఆయన భార్య సింహాచలమ్మ పిన్ని నోరు విప్పింది. ఆవిడ హిందీ కూరగాయల బేరం వరకే. తెలుగులో చెప్పింది, నేను డాక్టరుకి చెప్పాను.

"ఉప్పు రవ్వ తగ్గితే ముప్పయ్యేళ్లు నన్ను బతకనిచ్చారు కాదమ్మా. రెండు నెల్లై నోరు మెదపరు. నాకు అనుమానమొచ్చి చారులో ఉప్పెయ్యలేదు. తాగీసినారు."

బాబాయి ఆవిడ వైపు తిరిగాడు. "ఒక్కసారేనా?"

"మూడుసార్లు. ఒక్కసారి చూస్తే చూసినట్టు కాదని మీరే కదా అంటారు."

"చింతపండు ఎక్కువేసుంటావు. పులుపులో తెలీదు."

"అదే చారు ఈ చిట్టిబాబుకీ పోశాను. ఒక్క గుక్కకే ఉమ్మీసినాడు. అడగండి."

నిజమే. ఆ రోజు మతి పోయింది పిన్నికే అనుకున్నాను.

డాక్టరు ఇందాకటి ఆఖరి ప్రశ్న మళ్లీ అడిగింది. ఈసారి బాబాయి "కభీ కభీ" అన్నాడు. అప్పుడప్పుడూ అన్న ఆ ముక్క పిన్నికి నేను తెలుగులో చెప్పలేదు. అక్కర్లేకపోయింది.

మాత్రలు పిన్ని దగ్గరే ఉండాలంది డాక్టరు. ఆ ఆలోచన మళ్లీ వస్తే అప్పటికప్పుడే ఫోన్ చెయ్యమంది. వారం వారం రమ్మంది. మాత్ర పనిచెయ్యడానికి నెల పైనే పట్టొచ్చంది.

ఆ రోజే మొదటి మాత్ర వేసుకున్నాడు. వేసుకుని, "నాకు చెప్పేశావు కాబట్టి ఉప్పు టెస్టు ఇంక చెల్లదు" అన్నాడు.

"తెలుసండి. ఇంకోటి ఎట్టుకున్నాను."

"ఏటది?"

"సెప్పను."

నాలుగు వారాలు నోరెండిపోవడం, కడుపులో తిప్పడం తప్ప ఏమీ జరగలేదు. నేనైతే మానేసేవాణ్ని. ఈలోగా వాళ్ల హాల్లో గడియారం ఇరవై నిమిషాలు వెనకబడి ఉంది. దాన్ని నమ్ముకుని పవర్ హౌస్ స్టాపులో నేనొక బస్సు పోగొట్టుకున్నాను కూడా.

ఐదో ఆదివారం నేనక్కడ టీ తాగుతున్నాను. బాబాయి లేచి, స్టూలు లాక్కుని ఎక్కాడు. "ఏమే, ఈ గడియారం వెనకబడి నడుస్తోంది. ఈ ఇంట్లో ఎవరికీ కళ్లు లేవా?"

పిన్ని వంటగదిలోంచి వచ్చి, "అయ్యో, అవునా?" అంది. ఆయన ముల్లు సరిచేసి దిగాడు.

నేను టీ గ్లాసు పెట్టడానికి వంటగదిలోకి వెళ్తే పిన్ని స్టవ్ కట్టేసి ఊరికే నిలబడి ఉంది.

"అయితే ఆ ఇంకో టెస్టు గడియారమా పిన్నీ? బాబాయి పాసైనట్టేనా?"

"ఊరుకోరా. ఇది ఒక్కసారే కదా."

డాక్టరు ఫిట్ అని ఇంకా రాసివ్వలేదు, మరో నెల చూద్దామంది. గడియారం సంగతి మాత్రం విని తన కాగితం మీద రాసుకుంది. ఆ మర్నాడు వాళ్లింటికెళ్లి చూస్తే హాల్లో గడియారం మళ్లీ పావుగంట వెనకుంది.